తరుగు

మా అమ్మమ్మ గొలుసు నాలుగు కాసులు. ఇంట్లో ఎవరు ఎత్తినా ఆ మాటే. 32 గ్రాములని ఎవరూ అనరు. కంసాలి ఆచారిగారు దాన్ని తూచిన రోజు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. గాజు తలుపుల పెట్టెలో చిన్న త్రాసు. ఊపిరి తగిలినా ముల్లు ఊగుతుందని తలుపు మూసేవారు. రాళ్లన్నీ అయ్యాక ముల్లు ఇంకా మధ్యకు రాకపోతే డబ్బాలోంచి గురివింద గింజ ఒకటి తీసి వేసేవారు. ఒక్క గింజ, సుమారు 0.12 గ్రాములు. ఆ ఎర్రగింజ పడగానే ముల్లు నిలబడేది.

ఆ తర్వాత మజూరీ, తరుగు. తరుగు దగ్గరే అమ్మమ్మ గొంతు పెరిగేది. "నేనిచ్చిన బంగారం ఇంత, మీరిచ్చిన గొలుసు ఇంత. మధ్యలోది ఏమైనట్టు ఆచారిగారూ?"

"కరిగించినప్పుడు కొంత, రాకినప్పుడు కొంత పోతుందమ్మా!"

ఈ తరుగు మాట నాకు మళ్లీ ఎదురైంది డిగ్రీలో, అదీ భౌతికశాస్త్రం క్లాసులో. అదేమిటో చెప్పాలంటే ముందు అక్కడి తూకం సంగతి చెప్పాలి.

ప్రోటాన్ బరువును కిలోల్లో రాయాలంటే చుక్క తర్వాత 26 సున్నాలు పెట్టి అప్పుడు 167 అని రాయాలి. రోజూ ఆ లెక్కలతోనే బతికేవాళ్లకు అది పనికిరాదు. అందుకే వాళ్ల కాసు వేరు: ఎలక్ట్రాన్ వోల్ట్. ఒక వోల్టు తేడా దాటిన ఎలక్ట్రాన్‌కు వచ్చే శక్తి అది. టార్చిలైటు సెల్లు ఒకటిన్నర వోల్టులది కాబట్టి, దాని ఒక కొస నుంచి మరో కొసకు చేరిన ఎలక్ట్రాన్‌కు ఒకటిన్నర ఎలక్ట్రాన్ వోల్టులు దక్కుతాయి. శక్తి కొలతతో బరువెలా చెప్తారని అడగొచ్చు. 1905లో ఐన్‌స్టీన్ చెప్పింది అదే: ద్రవ్యరాశి, శక్తి ఒకే సొమ్ము, మారకపు రేటు కాంతివేగపు వర్గం. ఆ వర్గంతో భాగించాలని అందరికీ తెలుసు కాబట్టి నోటితో అనడం మానేశారు. మనకిది కొత్తేమీ కాదు. కాసంటే నాణెమూ అవును, తూకమూ అవును. ఏ అర్థంలో అన్నామో సందర్భం చెబుతుంది.

ఇక మారకం. వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు ఒక జీఈవీ. ఒక గ్రాము అంటే 561 కోట్ల కోట్ల కోట్ల జీఈవీలు. గురివింద గింజ 67 కోట్ల కోట్ల కోట్లు. అమ్మమ్మ గొలుసు దాదాపు 17,950 కోట్ల కోట్ల కోట్లు. 2019 మే 20 నుంచి ఈ మారకంలో అనుమానానికి చోటు లేదు. ఆ రోజున ఎలక్ట్రాన్ ఆవేశం విలువను స్థిరపరిచారు, కిలోను కూడా పారిస్ దగ్గర దాచిన లోహపు దిమ్మె నుంచి విడదీసి ప్రకృతి స్థిరాంకాలకు కట్టారు. కాంతివేగం అంతకుముందే స్థిరం.

ఇంత పెద్ద అంకెలు ఎందుకంటారా? ప్రోటాన్ 0.938 జీఈవీ, న్యూట్రాన్ అంతకు ఒక పిసరు ఎక్కువ. అంటే జీఈవీ అన్నది ఇంచుమించు ఒక ప్రోటాన్ ఎత్తు తూకపురాయి. గ్రాము బంగారమైనా, గ్రాము చింతపండైనా అందులో ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపి రమారమి 600 కోట్ల కోట్ల కోట్లు ఉంటాయి. కొత్త కొలతలో బరువు చెప్పడమంటే వాటిని లెక్కపెట్టడమే. కాసుల్లో, గ్రాముల్లో ఈ సంగతి కనబడదు.

2012 జులై 4న కనుగొన్నట్టు ప్రకటించిన హిగ్స్ కణం 125 జీఈవీ. పత్రికలు దాన్ని దైవకణమని పిలిచి, వస్తువులన్నిటికీ బరువిచ్చేది అదేనని రాశాయి. ఆ పేరు నాకు నచ్చదు, ఆ వాక్యం సరైందీ కాదు. బరువు చూస్తే ఒక్క బంగారు పరమాణువే దానికన్నా ఎక్కువ, 183 జీఈవీ తూగుతుంది. ఇప్పటిదాకా దొరికిన మూలకణాల్లో అన్నిటికన్నా బరువైన టాప్ క్వార్క్ కూడా 173 దగ్గరే ఆగిపోతుంది. ఇక ఆ వాక్యం సంగతికొస్తే, ప్రోటాన్‌లోని మూడు క్వార్కుల సొంత బరువు, అంటే హిగ్స్ పుణ్యమా అని వచ్చింది, 0.938 జీఈవీలో 0.009 మాత్రమే. నూటికి ఒక్క పాలు! మిగతాదంతా లోపల క్వార్కుల పరుగు, వాటిని పట్టి ఉంచే గ్లూయాన్ల శక్తి. అమ్మమ్మ మెడ మీద బరువుగా ఆనింది చాలావరకు కదలికే, కట్టే. ఇది తెలిసిన రోజు రాత్రి నాకు నిద్రపట్టలేదు.

తరుగు సంగతి ఇక్కడే వస్తుంది. బంగారు కేంద్రకంలో 79 ప్రోటాన్లు, 118 న్యూట్రాన్లు. విడివిడిగా తూచి కూడితే 184.99 జీఈవీ. కలిసి ఉన్న కేంద్రకాన్ని తూస్తే 183.43. ఒకటిన్నర జీఈవీ పైచిలుకు, అంటే నూటికి 0.84, ఏమైనట్టు? అమ్మమ్మ అడిగిందీ ఇదే. అవి దగ్గరై ఒకదాన్నొకటి పట్టుకున్నప్పుడు ఆ మేరకు శక్తి బయటికి పోయింది. దాంతో బరువూ పోయింది. మళ్లీ విడదీయాలంటే అంతా తిరిగి కట్టాలి. ఆచారిగారి దగ్గర పోయిన రజను ఆయన చాప దులిపితే కొంతైనా దొరుకుతుంది. ఈ తరుగు దొరికేది కాదు. 2017 ఆగస్టులో రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్న జాడ దొరికినప్పుడు, బంగారం లాంటి బరువైన మూలకాలు అలాంటి చోట్ల తయారవుతాయని గట్టి ఆధారం చిక్కింది. మన బంగారం తరుగు కూడా భూమి పుట్టకముందే ఎక్కడో అలా పోయి ఉండాలి.

ఆ గొలుసు ఇప్పుడు మా అక్క మెడలో ఉంది. మొన్న పండక్కి వెళ్లినప్పుడు కాగితం మీద లెక్క వేశాను. నూటికి 0.84 చొప్పున నాలుగు కాసులకు పోయిన తరుగు 0.27 గ్రాములు. అక్కకు చూపించాను.

"గింజల్లో చెప్పరా," అంది.

రెండు గురివింద గింజలు. మూడోది వేస్తే ముల్లు అటు ఒరుగుతుంది.