ఘారాపురికి ఒంటరి ప్రయాణం

శ్రీ గురుభ్యో నమః.

గత మాఘమాసంలో మా సత్సంగబృందంతో కలసి ముంబయి సమీపంలోని ఘారాపురి ద్వీపాన్ని దర్శించే భాగ్యం కలిగింది. లోకంలో ఇది ఎలిఫెంటాగా ప్రసిద్ధం. ఒకప్పుడు అక్కడ ఉన్న శిలాగజాన్ని చూసి పోర్చుగీసువారు పెట్టిన పేరది. ‘కలసి’ అన్నాను గాని, నిజానికి నేను కలసి వెళ్ళలేదు. ఆ సంగతి సాధకమిత్రులకు విన్నవించుకోవడానికే ఈ నాలుగు మాటలు.

గేట్‌వే ఆఫ్ ఇండియా నుండి ద్వీపానికి సుమారు 10 కిలోమీటర్లు. లాంచీలో గంట ప్రయాణం. బృందానికి లాంచీ, గైడు, భోజనం అన్నీ ముందే ఏర్పాటయ్యాయి. నాకు మాత్రం అది రుచించలేదు. ఇరవైమంది కోలాహలం నడుమ, ఎవరో నిర్ణయించిన సమయానికి లోబడి, సదాశివమూర్తిని ధ్యానించడం ఎట్లా అనుకున్నాను. ముందురోజు సాయంకాలమే ఒక స్పీడ్‌బోటు మాట్లాడుకున్నాను. నా సహధర్మచారిణిని కూడా రమ్మన్నాను.

“ఆ కుదుపులకు నా నడుము ఆగదండీ. మీరు వెళ్ళండి, నేను అందరితో వస్తాను” అన్నది.

ఆ మాటలో నాకు అనుమతి మాత్రమే వినిపించింది. రేవు నుండి గుహల వరకు ఉన్న దాదాపు 120 మెట్లు, ఆమె మోకాళ్ళనొప్పులు నా తలపునకు రాలేదు.

మరునాడు ప్రాతఃకాలంలో పడవ అలలను చీల్చుకొంటూ దూసుకుపోయింది. లంగరు వేసిన ఓడలు వెనుకకు జరిగిపోతుంటే, ఎవరికీ లోబడని వాడినన్న గర్వం లోలోపల పొంగింది. తొలి లాంచీల జనం రాకముందే ప్రధానగుహ చేరుకున్నాను.

ఆ గుహ మహత్త్వాన్ని ఏమని వర్ణించను! 6వ శతాబ్దంలో ఒకే కొండను తొలిచి నిర్మించిన శివాలయమది. నాలుగు ద్వారాల గర్భగృహంలో లింగమూర్తి, ఆ ద్వారాలకు మహాకాయులైన ద్వారపాలకులు. దక్షిణపు గోడలో, అయిదు మీటర్లకు మించిన ఎత్తున సదాశివుడు. ఒక ప్రక్క ఉగ్రమైన అఘోరముఖం, మరొక ప్రక్క సుకుమారమైన వామదేవముఖం, నడుమ కన్నులు అరమోడ్చిన తత్పురుషముఖం. నేను కోరుకున్న నిశ్శబ్దం సంపూర్ణంగా లభించింది.

కాని మనస్సు నిలువలేదు. పడవవాడు రెండు గంటలే ఆగుతానన్నాడు. ఎంత సమయం గడిచింది? ఇచ్చిన సొమ్ముకు తగిన అనుభూతి కలుగుతున్నదా? కన్నులు మూసుకుంటే గడియారం గుర్తుకు వస్తుంది, తెరిస్తే చూడవలసిన శిల్పాల లెక్క గుర్తుకు వస్తుంది. అర్ధనారీశ్వరమూర్తి ఎదుట కూడా నిలిచాను. ఆ మూర్తిని చూస్తూ కూడా, వెంట లేని అర్ధాంగి నాకు జ్ఞప్తికి రాలేదు. ఈ మాట వ్రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉన్నది.

గంటకు పైగా గడిచిన తరువాత మెట్లవైపు నుండి మనవారి మాటలు వినిపించాయి. ఆమె అందరికంటే చివర, పరిచయమైనా లేని ఒక మరాఠీ యువతి భుజం పట్టుకొని, మెట్టు మెట్టుకూ ఆగుతూ వస్తున్నది. నన్ను చూసి నవ్వి, “ప్రశాంతంగా దర్శనమైందా?” అని అడిగింది. ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేశమైనా లేదు. అందుకే నేను బదులు చెప్పలేకపోయాను.

నేను తప్పించుకొని వచ్చిన ఆ గైడే సదాశివుని ఎదుట అందరినీ కూర్చోబెట్టాడు. “స్వామి పంచవక్త్రుడు. శిల్పి చెక్కినవి మూడే. సద్యోజాతం వెనుక, ఈశానం పైన ఉన్నట్లు మనమే భావించుకోవాలి” అన్నాడు. పంచబ్రహ్మమంత్రాలు నిత్యం పఠించేవాడిని నేను. ఆ మూడు ముఖాలను గంటసేపు చూసి కూడా, కనిపించని రెండింటి ఊసే నాకు కలుగలేదు. ఆమె మాత్రం చేతులు జోడించి, ఆ శిల పైభాగాన్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

రేవుకు వెళ్ళి పడవవాడికి పూర్తి సొమ్ము చెల్లించి పంపివేశాను. తిరిగివచ్చి ఆమె చేయి పట్టుకొని మెట్లు దిగించాను. లాంచీలో పిల్లల కేకలు, భజనలు, పల్లీలు పంచుకోవడం. గంటసేపు సాగిన ఆ ప్రయాణంలో నేను ఒక్కసారి కూడా గడియారం చూడలేదు.

కాశ్మీరశైవంలో పరమశివుని ప్రధానశక్తికి స్వాతంత్ర్యమని పేరు. ఆ శక్తితోనే ఆయన తనను తాను కప్పుకొని, సంకోచాన్ని స్వీకరించి జీవుడవుతాడని ఆ దర్శనం చెబుతుంది. ఈ విషయాన్ని ఎన్నోమార్లు చదివాను, ఇతరులకు బోధించాను కూడా. బంధాన్ని ప్రేమతో స్వీకరించగలగడం కూడా స్వాతంత్ర్యమేనని ఆ మెట్ల మీద గాని నాకు అర్థం కాలేదు. బృందాన్ని విడిచి వెళ్ళిన ఉదయం నన్ను నడిపించింది అహంకారం. దానికి నేను పెట్టుకున్న పేరు ఏకాంతం.

ఏకాంతసాధన అవసరం లేదని నా అభిప్రాయం కాదు. అది మహాత్ములు నడచిన మార్గమే. అయితే ఏకాంతం కోసం బయలుదేరే ముందు, వెనుక ఎవరిని విడిచి వెళ్తున్నామో ఒక్కసారి తిరిగి చూడవలెనని మనవి.

సర్వం శ్రీ పరమేశ్వరార్పణమస్తు.