టోబీయా సామాను, మన ఫోను



ఈ వారం ఫోను గురించి రాస్తున్నాము. నవ్వకండి. ఈ మధ్య ప్రార్థన కోసం మా ఇంటికి వచ్చినవాళ్లలో చాలామంది వెళ్లేముందు గుమ్మంలో ఆగి, "అయ్యగారూ, ఈ ఫోన్ జర చూడుండ్రి, మస్తు సతాయిస్తున్నది" అంటున్నారు. మేము చూసి, ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసి ఇచ్చేవాళ్లం. అంతకు మించి పట్టించుకోలేదు. మొయినాబాద్ వైపు నుంచి మన సంఘానికి వచ్చే ఒక అక్క మా కళ్లు తెరిపించింది. ఆమె అనుమతితోనే, పేరు లేకుండా రాస్తున్నాము.

ఆ అక్కకు ఎకరంలోపు పూలతోట ఉంది. బంతి, చామంతి కోసి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపుతుంది. భర్త మూడేళ్ల కింద గుండె ఆగి ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. ఇంట్లో ఆమె, అత్తమ్మ ఇద్దరే. కూతురు నగరంలో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్నది. ఆ ఫోను భర్త కొన్నదే. పూల ధర తెలిసేదీ, డబ్బు వచ్చేదీ, కూతురు మాట్లాడేదీ దాంట్లోనే.

ఒక రాత్రి అత్తమ్మకు ఊపిరాడలేదు. అక్క 108కి చేయబోయింది. తెర వెలిగింది కాని కదలలేదు. వేలు పెట్టినచోట ఏమీ జరగలేదు. ఆపుదామంటే ఆగలేదు. చివరికి ఫోను మంచం మీద పారేసి, చీకట్లో పక్క తోట ఇంటిదాకా పరుగెత్తింది. వాళ్ల ఆటోలో పెద్దమ్మను ఆసుపత్రికి చేర్చారు. దేవుని కృప, ఆమె బతికింది. డాక్టరు మాత్రం ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదన్నాడట. 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే మొదలైన 108 సేవ ఇన్నేళ్లలో ఎన్నో ప్రాణాలు కాపాడింది. ఆ రాత్రి బండి లేకపోలేదు, పిలవడానికే దారి లేకపోయింది.

తెల్లారి అక్క ఫోను షాపుకు పోయింది. "రీసెట్ కొడితే కొత్తదైతది అక్కా, ఐదు నిమిషాల పని" అన్నారు. ఆమె ఫోను వెనక్కి తీసుకుని తిన్నగా మా ఇంటికి వచ్చింది. ఎందుకు వద్దన్నావమ్మా అని అడిగితే చాలాసేపు చెప్పలేదు. మా ఇంటామె చాయ్ ఇచ్చి పక్కన కూర్చున్నాక అంది: "అమ్మగారూ, ఇండ్ల ఆయన మాట ఉన్నది."

వినిపించింది. పదకొండు సెకన్లు. "పూలు కోసినవా? నేను అప్పా జంక్షన్ల ఉన్న, వస్తున్న." అంతే. వెనక బస్సు హారన్ మోత. ఆయన ఇంటికి వస్తూ పంపిన మామూలు మాట అది. రోజూ పడుకునేముందు ఒకసారి వింటుందట.

మాకు నోట మాట రాలేదు. ఆ ఐదు నిమిషాల పనిలో పోయేది అదే కదా.

అప్పుడు మేమూ, ఇంటర్ చదివే మా అబ్బాయీ ఆ ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాము. వాడు చెప్పిన మొదటి మాట బాగుంది. ముందు దాచవలసింది దాచాలి, తర్వాతే తీసేయవలసింది తీయాలి. ఆయన మాటను కూతురి ఫోనుకు పంపించాము. ఆయన ఫొటోలతో కలిపి కేబుల్ పెట్టి మా కంప్యూటర్‌లోకి ఎక్కించాము. ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా పెట్టి అక్క చేతికిచ్చాము. మూడు చోట్లా తెరిచి, వినిపిస్తున్నదని చూసుకున్నాకే ఫోనులో చెయ్యి పెట్టాము.

సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అని ఉంటుంది. అది తెరిస్తే 32 జీబీ ఫోనులో అర జీబీ కూడా ఖాళీ లేదు. ఇక్కడ అందరికీ ఒక సంగతి చెప్పాలి. ఫోనులో రెండు రకాల చోటు ఉంటుంది. ఒకటి ర్యామ్. అది వంటింట్లో కూర తరుక్కునే పీట లాంటిది, పని జరిగేది దాని మీద. రెండోది స్టోరేజ్. అది సామాను దాచే గది. గది నిండితే పని ఎందుకు నెమ్మదిస్తుందని మాకూ అనుమానం వచ్చింది. అబ్బాయి చెప్పాడు: ఫోనులోని మెమరీ చిప్‌లో పాతదాని మీదే కొత్తది రాయడం కుదరదు. ఒక గడి మొత్తం తుడిచాకే అందులో మళ్లీ రాయగలదు. ఖాళీ గడులు ఉంటే వెంటనే రాస్తుంది. లేకపోతే ఉన్న సామానును అటూ ఇటూ జరిపి, చోటు చేసుకుని, తుడిచి, అప్పుడు రాస్తుంది. నిండిన గదిలో ఒక గంప పెట్టడానికి పది గంపలు జరిపినట్టు. మనం తెర మీద వేలు పెట్టి ఎదురుచూసేది ఆ జరుపుడు కోసమే. అందుకే స్టోరేజ్‌లో పదో వంతన్నా ఎప్పుడూ ఖాళీగా ఉంచుకుంటే మంచిది.

గదిలో ఇంత నింపింది ఎవరు? వాట్సాప్‌లో సెట్టింగ్స్, స్టోరేజ్ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజ్ అని వెళ్తే ఏ గ్రూపు ఎంత చోటు తిన్నదో పెద్దది పైన, చిన్నది కింద వరుసగా చూపిస్తుంది. చూశాము. అన్నిటికంటే పైన, నాలుగు జీబీకి పైగా తిన్న గ్రూపు, మన సంఘం గ్రూపే.

అందులో పంపింది మేమే. ప్రతి ఉదయం ఐదున్నరకు, సూర్యోదయం మీద వాక్యం, పావురం మీద వాక్యం, వెనక సంగీతంతో చిన్న వీడియో. మూడేళ్లుగా ఒక్క రోజు తప్పకుండా. ఆ నమ్మకత్వం గురించి మాలో కొంచెం అతిశయం కూడా ఉండేదని ఒప్పుకుంటున్నాము. అబ్బాయి కాగితం మీద లెక్క వేశాడు. నాలుగు ఎంబీ వీడియో రోజుకొకటి అంటే ఏడాదికి 1,460 ఎంబీ, దాదాపు ఒకటిన్నర జీబీ. మూడేళ్లకు 4,380 ఎంబీ. ఆ వాక్యమే అక్షరాలుగా టైపు చేసి పంపితే మూడేళ్లకు కలిపి ఒక్క వీడియో అంత కూడా అయ్యేది కాదు.

ఇది మన ఒక్క ఊరి సంగతి కాదు. భారతదేశంలో ఇన్ని ఫోన్లు ఎందుకు మొరాయిస్తున్నాయని గూగుల్ ఇంజనీర్లు వెతికితే, పొద్దున్నే జనం పంపుకునే గుడ్ మార్నింగ్ బొమ్మలు ఒక పెద్ద కారణంగా కనబడ్డాయని 2018 జనవరిలో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక రాసింది. అంతకుముందు 2017 డిసెంబరులో, ఇలాంటి చెత్త తీసుకోవడానికి గూగుల్ ఫైల్స్ గో అనే యాప్ విడుదల చేసింది. ఇప్పుడు దాని పేరు ఫైల్స్ బై గూగుల్. పావురాల బొమ్మలు పంపే కాపరులు కూడా ఆ లెక్కలో ఉన్నారన్నమాట!

ఆ రాత్రి మేము నెహెమ్యా గ్రంథం 13వ అధ్యాయం తీశాము. మీకు తెలిసిన సంగతే. నెహెమ్యా రాజు దగ్గరికి వెళ్లి తిరిగి వచ్చేసరికి దేవుని మందిరంలో ఒక పెద్ద గది టోబీయాకు ఇచ్చేసి ఉంది. అది నైవేద్యాలు, సాంబ్రాణి, పాత్రలు, దశమభాగాలు ఉంచవలసిన గది. ఆ గదిని అతనికి ఇచ్చింది బయటి దొంగ కాదు, గదుల మీద అధికారిగా ఉన్న ఎల్యాషీబు అనే యాజకుడే. ఫలితం ఎవరు అనుభవించారు? లేవీయులు. వాళ్లకు రావలసిన భాగం అందక, సేవ వదిలి పొలాలకు వెళ్లిపోయారు.

ఇన్నిసార్లు ఈ భాగం బోధించాము గాని, ఎల్యాషీబు స్థానంలో మమ్మల్ని పెట్టుకుని చదివింది ఇదే మొదటిసారి. బీద ఇంటి ఫోనులో మంచి ఉద్దేశంతోనే మేము సామాను నింపాము. కష్టం వచ్చిన రాత్రి ఆ ఇంటి మొర బయటికి పోవడానికి సందు లేకుండా పోయింది. మా ఉద్దేశం మంచిదే, కాని ఆ ఉద్దేశం ఆ పెద్దమ్మకు ఊపిరి ఇవ్వలేదు కదా.

ఇంకొకటి కూడా గమనించాము. నెహెమ్యా టోబీయా సామాను బయట పారవేశాడు, గదిని శుభ్రం చేయించాడు, తర్వాత మందిరపు పాత్రలను, నైవేద్యాలను, సాంబ్రాణిని తిరిగి లోపల పెట్టించాడు. గదినే కూలగొట్టలేదు. ఏది టోబీయాదో, ఏది మందిరానిదో వేరు చేశాడు. రీసెట్‌కూ శుభ్రతకూ తేడా అదే. మన జీవితాలు బరువెక్కినప్పుడు కూడా "అంతా వదిలేసి ఎటైనా పోవాలి" అనిపిస్తుంది. కాని పదకొండు సెకన్ల అమూల్యమైనది కూడా ఆ గదిలోనే ఉంటుంది. కూర్చుని, ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని చూడాలి. దానికి ఓపిక కావాలి, పక్కన ఒక మనిషి కావాలి.

ఇక మేము ఆ ఫోనుకు చేసినవి, మీరూ చేసుకోదగినవి చెబుతాము.

మేనేజ్ స్టోరేజ్‌లోనే ఐదు ఎంబీ దాటినవీ, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవీ వేరుగా కనిపిస్తాయి. ముందు అవి తీయండి. తర్వాత మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపండి. అప్పుడు మీరు తాకితేనే బొమ్మ దిగుతుంది. గ్యాలరీలో తీసేసినవి కొన్నాళ్లు చెత్తబుట్టలోనే ఉంటాయి కాబట్టి దాన్నీ ఖాళీ చేయాలి.

యాప్‌ల విషయంలో క్లియర్ క్యాష్ వేరు, క్లియర్ డేటా వేరు. మొదటిది యాప్ తన పని సులువు కోసం దాచుకున్న తాత్కాలిక సరుకు, తీసినా నష్టం లేదు. రెండోది నొక్కితే ఆ యాప్ కొత్తగా వేసుకున్నట్టు అయిపోతుంది. డబ్బు పంపే యాప్ అయితే మళ్లీ మొదటినుంచి నమోదు చేసుకోవాలి. తొందరలో రెండోది నొక్కకండి.

వాడని యాప్‌లు తీసేయండి. ముఖ్యంగా లోన్ యాప్‌లు. 2020 డిసెంబరులో మన తెలంగాణలోనే వాటి వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు. యాప్ తీసేస్తే అప్పు తీరదు. అలాంటి బాధలో ఎవరైనా ఉంటే సిగ్గుపడకుండా మా దగ్గరికి రండి, కలిసి పోలీసు స్టేషన్‌కు వెళ్దాము. 1930 నంబరు సైబర్ మోసాల కోసమే ఉంది.

ఫోను వేగం పెంచుతామని చెప్పే బూస్టర్ యాప్‌లు వేయకండి. అవి కూడా చోటు తింటాయి, ప్రకటనలు చూపిస్తాయి. వెనక తెరిచి ఉన్న యాప్‌లన్నీ మాటిమాటికీ తోసేయడం వల్ల కూడా పెద్ద లాభం లేదు. అవసరమైనప్పుడు ఆండ్రాయిడ్ తనంతట తానే ఆ పని చేసుకుంటుంది. వారానికి ఒకసారి ఆపి ఆన్ చేస్తే చాలు. ఎండలో, పాలీహౌస్ వేడిలో ఫోను పెట్టకండి. వేడెక్కితే తనను కాపాడుకోవడానికి అదే నెమ్మదిస్తుంది.

ఇంకొకటి. తెర తాళం తీయకుండానే కింద ఎమర్జెన్సీ అని ఉంటుంది. అక్కడినుంచి 112కు చేయవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ రాత్రే చూపించండి.

ఇన్ని చేసినా అక్క ఫోను కొత్తది కాలేదు. 2 జీబీ ర్యామ్ 2 జీబీయే, పాత బ్యాటరీ పాతదే. ఆ సంగతి ఆమెకు దాచకుండా చెప్పాము. కాని పదకొండు జీబీ ఖాళీ అయింది. ఇప్పుడు ఫోన్ గుర్తు మీద వేలు పెడితే వెంటనే అంకెలు వస్తున్నాయి. మా ముందే కూతురికి చేసి మాట్లాడింది. తర్వాత ఆ పదకొండు సెకన్లు మళ్లీ విన్నది. ఈసారి తడబడకుండా వెంటనే పలికింది. "ఇంతకుముందు సగం దాకా ఆగి ఆగి వచ్చేది అయ్యగారూ" అని కళ్లు తుడుచుకుంది.

కాబట్టి సంఘానికి మా మనవి. ఇకనుంచి ఉదయ వాక్యం అక్షరాలుగానే వస్తుంది. చదవలేని పెద్దలకు మేమే ఫోన్ చేసి వినిపిస్తాము. నిజానికి ముందునుంచీ చేయవలసింది అదే. బొమ్మ పంపితే సేవ అయిపోయిందనుకుని, ఎవరి గొంతూ వినకుండా మూడేళ్లు గడిపాము. మీరు కూడా గ్రూపులో వీడియోలు పెట్టేముందు, ఈ అక్క ఫోనును ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి.

వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత మన యవనస్థులు చెట్టుకింద బల్ల వేసుకుని కూర్చుంటారు. పెద్దలు ఫోన్లు తీసుకురండి. మీ ముందే, మీరు చూస్తుండగానే శుభ్రం చేస్తారు. పిన్ నంబరు, ఓటీపీ ఎవరికీ చెప్పకండి, మా పిల్లవాడికి కూడా. పోకూడనిది ఏదైనా ఫోనులో ఉంటే ముందే చెప్పండి. మొదట దాన్నే దాస్తాము.

మా చేతులతో మేమే నింపిన గదులను మాకు చూపించిన దేవునికి స్తోత్రం. మీ అందరి ఇళ్లలోనూ, మొరపెట్టిన వేళ దారి తెరిచి ఉండును గాక. ఆమేన్.

మీ కాపరి కుటుంబం, చేవెళ్ల