రాయకోట దొన, కెలవరపల్లి నురగ

ఇరవై ఏళ్ళుగా బెంగళూరులో కాపురం ఉంటున్నా, మా మూలాలు మొరసునాడులోనివే. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడే పల్లెలు ఎన్నో ఉన్నాయని మన పాఠకుల్లో చాలామందికి తెలిసే ఉంటుంది. పిల్లలకు ఆ నేల చూపిద్దామని పోయిన వానాకాలంలో ఒక శనివారం రైలెక్కి రాయకోటలో దిగాము.

ఊరికి అండగా పెద్ద బండకొండ, దానిమీద కోట. 1791లో మూడవ మైసూరు యుద్ధంలో ఇది టిప్పు సుల్తాను సేనల చేతినుండి ఇంగ్లీషువారి వశమైంది. మరుసటి ఏడు శ్రీరంగపట్నం సంధితో వారికే దక్కింది. ఇప్పుడు పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ఆయాసపడుతూ పైకి చేరితే బండల మధ్య దొనలో నీళ్ళు కనిపించాయి.

"ఇంత ఎత్తుకి నీళ్ళెలా వచ్చాయి నాన్నా?" అని మా చిన్నది అడిగింది.

"వాన నీళ్ళేనమ్మా. మనకంటే పైన ఎవరూ లేరు కదా, మురికి కలిపేవాళ్ళూ లేరు" అన్నాను. ఆ మాటకు అర్థం నాకు మర్నాటిగ్గానీ తెలియలేదు.

ఆదివారం హోసూరు దగ్గర మామ ఇంటికి వెళ్ళాము. ఆయన పొలం కెలవరపల్లి జలాశయానికి దిగువన ఉంది. నంది కొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని తమిళనాట అడుగుపెట్టగానే ఆగేది ఇక్కడే. గేట్లకింద ఏరు కనబడలేదు. తెల్లటి నురగ గుట్టలు గుట్టలుగా గాలికి కదులుతోంది. మేఘాలనుకుని పిల్లలు పరుగెత్తబోయారు.

"తాకొద్దు బిడ్డా, దురద పుడుతుంది" అని మామ చెయ్యి పట్టి ఆపాడు. తర్వాత నావైపు తిరిగి, "అల్లుడా, మీ బెంగళూరులో వాన పడితే రెండు దినాల్లో మాకు తెలుస్తాది" అన్నాడు.

నాకు మాట రాలేదు. మేముండేది బెళ్ళందూరు చెరువు పక్కనే. 2017లో ఆ చెరువు అంటుకుని మండినప్పుడు మేడమీద నిలబడి చూసినవాళ్ళం. ఆ నీరు వర్తూరు చెరువులోకి, అక్కడినుండి పినాకినిలోకి చేరుతుంది. సబ్బులూ బట్టలుతికే పొడులూ కలిసిన మురుగు గేట్లనుండి దూకేటప్పుడు, కవ్వంతో చిలికినట్టు నురగ లేస్తుంది.

పాత నగరాలన్నిటిదీ ఇదే తంటా. 1858 వేసవిలో థేమ్స్ నది కంపు భరించలేక లండన్ పార్లమెంటు బజాల్జెట్ అనే ఇంజనీరు చేత భారీ సొరంగ కాలువలు కట్టించింది. ఇళ్ళ మురుగూ వాననీరూ ఒకే దారిన పోయేవి. పెద్దవాన వస్తే ఇళ్ళు మునగకుండా, ఎక్కువైనది నదిలోకి పొర్లిపోయేలా ఏర్పాటు. న్యూయార్కులో చాలా భాగం నేటికీ అంతే. లండన్ దీనికోసం 25 కిలోమీటర్ల కొత్త సొరంగం తవ్వి, 2025లో పూర్తిగా వాడకంలోకి తెచ్చింది. మన బెంగళూరులో మురుగుకు వేరే గొట్టాలు, వాననీటికి రాజకాలువలు అన్నారు. అయితే మురుగు రాజకాలువల్లోకి కూడా చేరుతోంది. కాగితంమీద రెండు దారులు, వాన వచ్చిననాడు ఒకటే దారి.

ఇంటికి తిరిగొచ్చాక స్నానాలగదిలో నీళ్ళు పోతుంటే చిన్నది, "ఇవి తాత పొలానికేనా?" అంది.

మా అపార్ట్‌మెంటులో మురుగు శుద్ధి యంత్రం ఉంది. ఏనాడూ దాని మొహం చూసినవాణ్ణి కాను. మర్నాడు వెళ్ళి అడిగితే, కరెంటు ఖర్చు కలిసివస్తుందని రాత్రిపూట ఆపేస్తున్నారని తెలిసింది. ఆ ఖర్చు తగ్గించాలని చెయ్యెత్తిన సంఘంలో నేనూ ఉన్నాను. వచ్చే సమావేశంలో ఆ చెయ్యి దించుకుంటాను. దానితో పినాకిని శుభ్రపడుతుందని కాదు. ఈ పండక్కి మామ ఇంటికి వెళ్ళాలి కదా!