నీరుగంటి చూపు

చిత్తూరు సీమలో చెరువు కింద సేద్యం ఎరిగినవారికి నీరుగంటిని పరిచయం చేయనక్కరలేదు. తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎంతసేపు నీరు పారాలో చూడడం, రాత్రిపూట ఎవరైనా కాలువకు గండి కొట్టుకున్నారేమో కనిపెట్టడం అతని పని. నీరు అతనిది కాదు, పొలమూ అతనిది కాదు. చూడవలసిన బాధ్యత మాత్రం అతనిదే. నేను కొన్నేళ్ళుగా చేస్తున్న కొలువు ఇంచుమించు ఇటువంటిదే. నా చెరువులో ఉన్నది నీరు కాదు, కలనయంత్రాల కాలం.

క్లస్టరును ‘గుచ్ఛం’ అనీ, అందులోని ఒక్కొక్క నోడును ‘కణుపు’ అనీ రాస్తాను. చెరకు పండే సీమవాణ్ణి కాబట్టి కణుపు అన్న మాట మీద కాస్త పక్షపాతం ఉంది. పండితులు మన్నింతురు గాక.

తిరుపతి నుంచి చిత్తూరుకు పోయే దారిలో గాదంకి ఉంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధనాలయంలో, 1990ల తొలినాళ్ళ నుంచి, 1024 యాగీ యాంటెన్నాలు ఆకాశం వైపు మొగం పెట్టి నిలిచి ఉన్నాయి. 53 మెగాహెర్ట్జ్ తరంగాలను పైకి పంపి, తిరిగి వచ్చే బలహీనమైన ప్రతిధ్వనిని బట్టి పైగాలుల నడకను లెక్కకడతాయి. గాలిని కొలవడం ఒక ఎత్తు. ఆ గాలి రేపు ఎక్కడ వాన కురిపిస్తుందో గణించడం మరొక ఎత్తు. రెండవ పనికే గుచ్ఛాలు కావాలి. నేలను చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి, తలా కొన్ని గళ్ళను ఒక్కొక్క కణుపుకు అప్పగిస్తారు. ప్రతి అడుగులోనూ పక్కగడిలోని గాలి, తేమ ఎంతో తెలుసుకున్నాకే ముందుకు కదలాలి. ఒక కణుపు కుంటితే మిగిలినవన్నీ దాని కోసం ఆగవలసిందే.

2021 నవంబరులో తిరుపతి మునిగిన సంగతి అందరికీ తెలుసు. స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్ట ఏమవుతుందోనని దిగువ ఊళ్ళవారు ఇళ్ళు విడిచారు. 2022 వేసవిలో ఒక పరిశోధక విద్యార్థిని ఆ వానను మళ్ళీ మొదటి నుంచి గణించ పూనుకున్నది. పదహారు కణుపులు, పన్నెండు గంటల పని, ఇరవైనాలుగు గంటల గడువు. గడువు దాటితే వరుసలను నడిపే స్లర్మ్ ఎవరి మొగమూ చూడకుండా పనిని చంపివేస్తుంది. ఆమె సిద్ధాంతగ్రంథం సమర్పించవలసిన తేదీ ఆ వారంలోనే ఉంది.

పద్నాలుగు గంటలు గడిచేసరికి మూడవ వంతే పూర్తయింది. వరుసలో వెనుక నిలిచినవారు అసహనంగా ఉన్నారు. దాన్ని ఆపివేసి తమకు చోటివ్వమని ఒకరు వాదించారు. యంత్రాలన్నీ నూటికి నూరు పాళ్ళు పనిచేస్తున్నట్లు తెరపై రంగురంగుల పటాలు చూపుతున్నాయి, కాబట్టి లోపం ఆమె లెక్కలోనే ఉందని ఆయన తీర్పు.

ఇక్కడొక కిటుకు ఉంది. ఎంపీఐ ద్వారా సమాచారం ఇచ్చిపుచ్చుకునే పనుల్లో, పొరుగు కణుపు కబురు కోసం ఎదురుచూసే ప్రక్రియ సాధారణంగా నిద్రపోదు. ‘వచ్చిందా, వచ్చిందా’ అని క్షణక్షణం అడుగుతూ తిరుగుతూనే ఉంటుంది. ఆ ఊరక తిరగడం కూడా నూరు పాళ్ళ పనిగానే లెక్కకు వస్తుంది. పని చేసేవాడూ, పనివాడి కోసం గుమ్మంలో పచార్లు చేసేవాడూ ఆ పటానికి ఒక్కటే.

నా దగ్గర ముప్పై పంక్తుల షెల్ స్క్రిప్టు ఒకటి ఉన్నది. అందం లేదు. ఏ పనికి ఏ కణుపులో ఎన్ని కోర్లు కేటాయించారో ఎస్‌క్యూను అడిగి తెలుసుకుంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ మీద ఒక్కొక్క కణుపులోకి వెళ్ళి, ప్రోక్ కింద ఉండే లోడ్‌యావరేజి చదువుతుంది. అయిదు సెకండ్లలో బదులియ్యని కణుపును పేరు రాసుకొని వదిలివేస్తుంది, లేకుంటే చచ్చిన యంత్రం ముందు తెల్లవార్లూ కూర్చోవలసి వస్తుంది. చివరకు ఆక్ కేటాయింపునూ భారాన్నీ పక్కపక్కన పెట్టి, పొంతన కుదరనివాటిని మాత్రమే అచ్చువేస్తుంది. అన్నీ సరిగా ఉంటే ఏమీ పలకదు.

ఆనాడు ఒక్క పంక్తి పలికింది. పదిహేను కణుపుల్లో భారం పదహారు, కోర్లూ పదహారే. పదకొండవ కణుపులో మాత్రం భారం ముప్పైరెండు. లోపలికి వెళ్ళి పీఎస్ అడిగితే, రెండు రోజుల క్రితమే ముగిసిన మరొకరి పని తాలూకు పదహారు ప్రక్రియలు అక్కడ అనాథలుగా తిరుగుతున్నాయి. వరుస పుస్తకంలో వాటి పేరు లేదు. నీరు మాత్రం తాగుతున్నాయి. ఆ ఒక్క మడి పారక, తక్కిన పదిహేను కణుపులూ గట్టున నిలిచి ఉన్నాయి.

వాటి యజమానిని ఫోనులో అడిగి, ఔనన్నాక చంపాను. చూస్తుండగానే ఆమె లాగ్‌లో అడుగులు వడివడిగా పడసాగాయి. మిగిలిన రెండు వంతులూ ఎనిమిది గంటల్లో ముగిశాయి. గడువుకు ఇంకా రెండు గంటలు మిగిలింది.

పని ముగిసిన ప్రతిసారీ కణుపును ఊడ్చే ఎపిలోగ్ స్క్రిప్టు ఆ తరువాత పెట్టాము. అటుపిమ్మట అనాథలు అరుదయ్యాయి. అయినా నా ముప్పై పంక్తులు గంటకొకసారి క్రాన్ ద్వారా కట్ట మీద నడుస్తూనే ఉన్నాయి. ఈ మధ్య ఎక్కువగా డిస్కు కోసం నిలిచిపోయిన ప్రక్రియలను పట్టిస్తున్నాయి. లినక్సు వాటిని కూడా భారంలోనే లెక్కిస్తుంది కదా, అవి వేరు జబ్బు. వాటిని విడదీసి చూపే పంక్తి ఒకటి ఇంకా రాయవలసి ఉంది.