జొన్నకంకి, గొంగళిపురుగు, మఱ్ఱిపండు

పాలమూరు, నల్లగొండ సీమల పల్లెయిండ్లలో వసారా దూలమునకు జొన్నకంకులనో, కొత్తవరి వెన్నుల కుచ్చునో వ్రేలాడగట్టి, పిచ్చుకలకు పంటలో భాగమొసగు ఆచారము నాకు మిక్కిలి ప్రియమైనది. అయితే గింజ ఒక్కటియే చాలదు; పెద్ద పిచ్చుకలు ధాన్యము తిన్నను, గూటిలోని పసికూనలకు మెత్తని గొంగళిపురుగులను, చిరుకీటకములను ముక్కున కఱచి తెచ్చి పెట్టును గనుక, పెరటి మొక్కలపై పురుగుమందు కొట్టుచు మిద్దెపై నూకలు చల్లినందువలన ఫలము స్వల్పము.

కోయిల, గోరువంక, చిలుకలకో పండ్లు కావలెను. మహబూబ్‌నగర్ చెంత సుమారు మూడెకరముల మేర ఊడలు దించిన పిల్లలమఱ్ఱి వంటి వృక్షము వానికి అన్నసత్రము. ఏ గింజల పళ్లెమును దానికి సాటిరాదు. పెరడు విశాలముగా ఉన్నవారు ఒక మేడి మొక్కనైన నాటుడు. ఈ మెట్టసీమ వేసవిలో ఆహారముకంటె నీరే ముందు: వెడల్పైన మట్టి మూకుడులో లోతు లేకుండ నీరు పోసి, నిత్యము కడిగి మార్చుడు. ఉప్పు కలిసిన చిరుతిండ్లు మాత్రము పెట్టకుడు.