అమీర్‌పేటలో తొమ్మిది, పొందుగులలో ఆరు

ఆదివారం రాత్రి పల్నాడులోని దాచేపల్లిలో హైదరాబాద్ బస్సు కోసం నిలబడ్డవాళ్లు ఏ పని మీద వెళ్తున్నారో వాళ్ల సంచులే చెప్పేస్తాయి. వీపుకు ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో పచ్చడి సీసాల సంచి ఉంటే మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఉద్యోగం. కొత్త బకెట్టు, చుట్టిన పరుపు ఉంటే హాస్టల్లో చేరబోయే కుర్రాడు. తాపీ, రసమట్టం పైకి కనిపిస్తున్న గోతం సంచి అయితే తాపీ మేస్త్రి. పిడుగురాళ్ల వైపు నుంచి వచ్చిన బస్సు వీళ్లందరినీ ఎక్కించుకుని పొందుగుల దగ్గర కృష్ణ దాటుతుంది. వాడపల్లి, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా నార్కట్‌పల్లికి పోయి విజయవాడ హైవే ఎక్కుతుంది. మొత్తం 170, 180 కిలోమీటర్లు. రోడ్డు ఖాళీగా ఉంటే తెల్లారేలోపే ఎల్బీనగర్.

అక్కడి నుంచి హైటెక్ సిటీ పాతిక ముప్పై కిలోమీటర్లకు మించదు. అయినా ఆ కాస్త దూరానికే జనం భయపడతారు. అయిదింటికి దిగినవాడు ఆటో ఎక్కి గదికి చేరి, ఓ కునుకు తీసి ఆఫీసుకు వెళ్లొచ్చు. దారిలో ఎక్కడో లారీ పడి బస్సు మూడు గంటలు ఆలస్యమైతే అదే మనిషి, అదే రోడ్డు మీద, సగం రాష్ట్రం దాటిన సమయాన్ని సగం నగరం దాటడానికి ఖర్చు పెట్టాలి. రోడ్డు మారలేదు, గడియారం మారిందంతే.

అందుకే ఎల్బీనగర్‌లో దిగినవాళ్లలో చాలామంది నేరుగా మెట్రో మెట్లెక్కుతారు. హైదరాబాద్ మెట్రో 2017 నవంబరు 28న మొదలైంది. మూడు దారులు కలిపి 69 కిలోమీటర్లు. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ పోయే ఎర్ర దారి, నాగోలు నుంచి రాయదుర్గం పోయే నీలి దారి అమీర్‌పేటలో కలుస్తాయి. హైటెక్ సిటీకి వెళ్లాలంటే అక్కడ దిగి ఒక అంతస్తు నుంచి మరో అంతస్తుకు మారాల్సిందే. ఉదయం తొమ్మిదింటికి అమీర్‌పేట ఎస్కలేటర్ మీద నిలబడితే హైదరాబాద్ కొలువులన్నీ కళ్ల ముందే కదులుతాయి. వీపు మీది బ్యాగులు అప్పటికప్పుడు పొట్ట మీదికి వస్తాయి. చెవిలో ఇయర్‌ఫోన్లు అలాగే ఉంటాయి. తలుపు ఎక్కడ తెరుచుకుంటుందో తెలిసిన పాత కాపులు సరిగ్గా అక్కడే నిలబడి ఉంటారు. కొత్తగా వచ్చినవాడు రెండు రైళ్లు వదిలేసి, మూడో రైలుకు సిగ్గు వదిలేసి ఎక్కుతాడు. రైలుకు ఉన్నవి మూడే బోగీలు. ఇంకో మూడు తగిలిస్తే బాగుండునని అనుకోని ప్రయాణికుడు ఆ వేళలో దొరకడు.

కింద రోడ్డు మీద పరిస్థితి ఇంతకన్నా మెరుగేం కాదు. నెదర్లాండ్స్‌కు చెందిన టామ్‌టామ్ సంస్థ ఏటా ప్రపంచ నగరాల్లో 10 కిలోమీటర్లు పోవడానికి సగటున ఎంతసేపు పడుతుందో లెక్క కడుతుంది. 2024 లెక్కలో కోల్‌కతాకు 34 నిమిషాల 33 సెకన్లు, బెంగళూరుకు 34 నిమిషాల 10 సెకన్లు, పుణెకు 33 నిమిషాల 22 సెకన్లు పట్టాయి. హైదరాబాద్ కూడా 30 నిమిషాలు దాటేసింది. అంటే లక్షలు పోసి కొన్న కారు, ఏసీ వేసుకుని, సైకిలు వేగంతో నడుస్తోందన్నమాట. మన రోడ్లింతే అని నిట్టూర్చేవాళ్లు ఆ పట్టికలో పుణె పక్కనే ఉన్న ఊరి పేరు కూడా చదవాలి. అది లండన్. 33 నిమిషాల 17 సెకన్లు. తేడా అయిదు సెకన్లు.

అయితే రెండు ఊళ్ల నెమ్మదీ ఒకటి కాదు. లండన్‌లో కారుకు ఊరికే దారి ఇవ్వకూడదని నిర్ణయించుకున్నారు. 2003 ఫిబ్రవరి 17 నుంచి నగరం నడిబొడ్డుకు కారులో వచ్చేవాళ్ల దగ్గర రుసుము వసూలు చేస్తున్నారు. మొదట 5 పౌండ్లుండేది, తర్వాత పెంచుకుంటూ పోయారు. వాళ్లకన్నా ముందే, 1975లో, సింగపూర్ ఈ పని చేసింది. అప్పట్లో కాగితం లైసెన్సు అద్దానికి అంటించుకోవాలి. 1998 నుంచి యంత్రాలే లెక్క చూసుకుంటున్నాయి. న్యూయార్క్ ఏళ్ల తరబడి తర్జనభర్జన పడి 2025 జనవరి 5న మన్‌హాటన్ దక్షిణ భాగానికి పగటి పూట 9 డాలర్ల రుసుము పెట్టింది. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉండే తెలుగువాళ్లకు ఈ వార్త ఏమంత ఇబ్బంది పెట్టలేదు. వాళ్లలో చాలామంది ఎటూ రైలెక్కి పెన్ స్టేషన్‌లో దిగేవాళ్లే. బస్సు ఎక్కేవాళ్లకు మరో వెసులుబాటు ఉంది. లింకన్ సొరంగానికి పోయే దారిలో ఉదయం రద్దీ వేళ ఒక వరుసను 1970 నుంచీ బస్సులకే వదిలేస్తున్నారు. కార్లన్నీ ఆగి ఉంటే బస్సు పక్క నుంచి దూసుకుపోతుంది.

గుంటూరు మిర్చి యార్డు సంగతి తెలిసినవాళ్లకు ఇలా రాకనే తగ్గించడంలో వింతేమీ లేదు. సీజన్‌లో మిర్చి బస్తాలు, అక్కడి మాటలో టిక్కీలు, లక్షకు పైగా దిగి, కాటా అయిన సరుకు కదలక పేరుకుపోతే, యార్డుకు సెలవు ప్రకటించి ఇవాళ సరుకు తేవద్దని రైతులకు కబురు చేస్తారు. ఇంకో గేటు తెరిస్తే సరిపోతుందని ఎవరూ అనరు. నగరాలు మాత్రం దశాబ్దాలుగా ఇంకో గేటు తెరుస్తూనే ఉన్నాయి.

టెక్సస్‌లో హ్యూస్టన్ పడమటి శివారు కేటీలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి నుంచి నగరంలోకి వెళ్లే కేటీ ఫ్రీవేను 2008 నాటికి విస్తరించారు. పక్క రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 వరుసలు. ప్రపంచంలోకెల్లా వెడల్పైన రోడ్లలో అదొకటి. కొన్నాళ్లు హాయిగా గడిచింది. ఆ తర్వాత రోడ్డు బాగుంది కదా అని ఇంకా దూరంలో ఇళ్లు కట్టారు, ఇంకా కార్లు వచ్చాయి, 2011 నుంచి 2014 లోపే సాయంత్రపు ప్రయాణ సమయం సగానికి పైగా పెరిగింది. ఇటలీ శాస్త్రవేత్త సెసారే మార్కెట్టి 1994లో దీని వెనకున్న మనిషి స్వభావం గురించి రాశాడు. కాలినడక రోజుల నుంచి కార్ల దాకా మనుషులు రోజుకు సుమారు గంటసేపే రాకపోకలకు కేటాయిస్తారట. బండి వేగం పెరిగితే మిగిలిన సమయం ఇంట్లో గడపరు, ఇంకాస్త దూరం పోయి ఇల్లు కట్టుకుంటారు. పల్నాటి రైతు పొలానికి నడిచి వెళ్లి రావడానికి పట్టే సమయం ఎంతో లెక్కేస్తే ఆయన మాట కొట్టిపారేయలేం. ఇప్పుడు హైదరాబాద్ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు అవతల వెలుస్తున్న వెంచర్ల ప్రకటనల్లో ‘ఎయిర్‌పోర్టుకు ఇన్ని నిమిషాలు’ అనే వాక్యం దీని కొనసాగింపే. ఆ నిమిషాలు ఏ వేళలో లెక్కపెట్టారో మాత్రం ప్రకటనలో ఉండదు.

బెంగళూరులో సిల్క్‌బోర్డు కూడలి పేరు చెబితే మారతహళ్లి, బెల్లందూరు తెలుగు కుర్రాళ్లు ఒక్క పెట్టున నవ్వుతారు, లేదా మూలుగుతారు. ఆ కూడలి మీదుగా బొమ్మసంద్రకు వెళ్లే మెట్రో పసుపు దారి 2025 ఆగస్టు 10న మొదలైంది. డ్రైవరు లేకుండా నడిచేలా తయారైన రైలు. కానీ మొదట్లో ఉన్నవి మూడే రైళ్లు కావడంతో 25 నిమిషాలకొకటి వచ్చేది. డ్రైవరు లేకపోయినా ఫరవాలేదు, రైలుంటే చాలని జనం అనుకున్నారు.

ముంబైది వేరే లోకం. 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణేకు దేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడిచిన ఊరది. వర్లీ, కామాఠీపురా బస్తీల్లో తరాల కిందట స్థిరపడ్డ తెలుగువాళ్లకు ముంబై లోకల్ అంటే కాళ్లూ చేతుల్లో భాగం. రద్దీ వేళ అక్కడ చదరపు మీటరుకు 14 నుంచి 16 మంది నిలబడతారు. ఓ తలుపు రెక్కంత చోటు కూడా కాదది. అయినా అందులోనూ ఒక మర్యాద ఉంది. ముగ్గురు కూర్చునే బల్ల మీద నాలుగోవాడు వచ్చి నిలబడితే, మాటా పలుకూ లేకుండా ముగ్గురూ లోపలికి జరుగుతారు. నాలుగోవాడికి దొరికేది సగం చోటే, కానీ అది అతని హక్కు. ఆ మర్యాద తలుపు దగ్గరికి వచ్చేసరికి చాలదు. 2025 జూన్ 9న ముంబ్రా దగ్గర వంపులో ఎదురెదురుగా పోతున్న రెండు రైళ్ల తలుపుల్లో వేలాడుతున్నవాళ్లలో కొందరు కింద పడి ప్రాణాలు పోగొట్టుకున్నారు.

జపాన్‌లో 2017 నవంబరులో ఒక రైలు 20 సెకన్లు ముందు కదిలిందని కంపెనీ క్షమాపణ చెప్పింది. టోక్యో రైళ్లూ కిక్కిరిసే ఉంటాయి. కాకపోతే అక్కడ తర్వాతి రైలు వస్తుందన్న నమ్మకం ఉంది. ముంబైలోనూ హైదరాబాద్‌లోనూ మనిషి ఎగబడేది తర్వాతిది వస్తుందో రాదో, వచ్చినా ఎక్కనిస్తుందో లేదోనన్న అనుమానంతో.

వేళలు మార్చి రద్దీని సర్దవచ్చని హైదరాబాద్‌కూ తెలుసు. 2023 జులై వానల్లో సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలు అన్నీ ఒకేసారి వదలకుండా, మధ్యాహ్నం మూడు గంటల నుంచి విడతలవారీగా ఉద్యోగులను ఇళ్లకు పంపాలని కోరారు. వాన పడితే చేయగలిగిన పని ఎండ కాసినప్పుడు ఎందుకు చేయకూడదో ఎవరూ చెప్పరు.

దాచేపల్లికి నగరం రద్దీ ఏడాదికోసారి బంధువులా వస్తుంది. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయ్యే రెండు మూడు రోజులూ చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌ప్లాజా వద్ద కార్లు బారులు తీరుతాయి. అప్పుడు గుంటూరు వైపు పోయేవాళ్లు నార్కట్‌పల్లిలో తిరిగి నల్గొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ల దారి పట్టాలని పోలీసులు సూచిస్తారు. 212 కిలోమీటర్ల నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు అదే. దాంతో సిమెంటు లారీలకూ సున్నపురాయి టిప్పర్లకూ అలవాటు పడ్డ రోడ్డు మీదికి తెలంగాణ నంబరు ప్లేట్లు వరద కడతాయి. టీ కొట్ల వాళ్లకు పండగ ఒకరోజు ముందే వస్తుంది. ఊరికి దగ్గర్లోనే నడికుడి జంక్షన్ ఉంది. తెల్లవారుజామున గుంటూరులో బయల్దేరే పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఇక్కడ ఆగి సికింద్రాబాద్ మీదుగా వికారాబాద్ దాకా పోతుంది. ఆ పండగ రోజుల్లో అందులో నిలబడడానికి చోటు దొరికితే గొప్పే.

ఈ రోడ్డుకు రోజువారీ రద్దీ వేళ కూడా ఉంది. దాన్ని ఏ సంస్థా కొలవదు. అది ఉదయం తొమ్మిదికి కాదు, ఆరింటికి. మిరపకాయ కోతలు మొదలయ్యాక కృష్ణకు అటు దామరచర్ల వైపు ఊళ్ల నుంచీ, ఇటు చుట్టుపక్కల తండాల నుంచీ కూలీల ముఠాలు ఆటోల్లో బయల్దేరతాయి. డ్రైవరుకు అటొకరు, ఇటొకరు. వెనక బల్ల మీద నలుగురు, వాళ్ల ఒళ్లో నలుగురు, అంచున కాళ్లు బయటికి వేసి ఇంకొందరు. క్యారేజీలు, నీళ్ల సీసాలు, ఎండకు తలకు చుట్టుకునే గుడ్డలు. ఎండ ముదరకముందే చేలో దిగకపోతే కూలి గిట్టదు, అందుకే అందరూ ఒకే వేళకు పోతారు. ఆడవాళ్లకు తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచీ, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచీ బస్సు ఉచితం. కానీ ఆ ఉచితం రాష్ట్రం సరిహద్దు దాటదు, బస్సు చేను గట్టు దాకా రాదు.

2023 మే నెలలో ఒక తెల్లవారుజామున, నల్గొండ జిల్లా నుంచి మిరప కోతకు 20 మందికి పైగా ఎక్కి వస్తున్న ఇలాంటి ఆటోను పొందుగుల దగ్గర పెద్ద వాహనం ఢీకొట్టింది. చనిపోయినవాళ్లు మహిళా కూలీలు. అదే గంటలో హైదరాబాద్‌లో ఎన్నో కార్లు ఒక్కొక్క మనిషితో ఇంటి గేటు దాటుతూ ఉంటాయి. రోడ్డు మీద ఎన్ని బండ్లు పోయాయన్నది కాకుండా ఎంతమంది మనుషులు క్షేమంగా దిగారన్నది లెక్కిస్తే, ఆ కారుకు మరో వంతెన కట్టడం కన్నా ఈ ముఠాకు ఒక బస్సు వేయడం ముందు చేయాల్సిన పని అవుతుంది. కోతల నెలల్లో, ఆ రెండు గంటలకైనా, రెండు రాష్ట్రాల ఆర్టీసీలూ మాట్లాడుకుని నది దాటే బస్సులు నడపాలి.

అంతవరకూ కారున్నవాళ్లు చేయగలిగింది ఒకటుంది. జనవరి నుంచి మే దాకా తెల్లవారుజామున ఈ దారిన వచ్చేవాళ్లు వాడపల్లి దగ్గర వంతెన ఎక్కేటప్పుడే వేగం తగ్గించండి. ముందు పోయే ఆటోకు వెనక దీపం ఉండకపోవచ్చు. అందులో మీరు అనుకున్న దానికన్నా ఎక్కువమంది ఉంటారు.