గట్టెక్కడం

కష్టం తీరిన మనిషిని చూసి ‘గట్టెక్కాడు’ అంటాం. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక ఈ మాట తరగతిలో ఎన్నిసార్లు విప్పి చెప్పానో! ఏరు దాటేవాడికి గట్టే కదా క్షేమం. కాని విశాఖపట్నంలో ఓడలవాళ్ళ ముందు మాత్రం ఆ మాట అనకండి. ఓడ గట్టెక్కిందంటే కొంప మునిగిందన్నమాటే. 2020 అక్టోబరులో వాయుగుండం పట్టినప్పుడు ‘ఎం.వి. మా’ అనే బంగ్లాదేశ్ ఓడ కొట్టుకువచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళమీద కూర్చున్నది. అక్షరాలా గట్టెక్కింది! ఊరంతా తిరునాళ్ళకు పోయినట్టు పోయి చూసివచ్చాం.

అందుకే తుఫాను వేళ రేవు చేసే పని వింతగా ఉంటుంది. మనుషుల్నేమో తీరం వదిలి ఊళ్ళోకి పొమ్మంటారు. ఓడల్నేమో తీరం వదిలి సముద్రంలోకి పొమ్మంటారు. ప్రమాద సూచికలు మొత్తం పదకొండు. ఒకటీ రెండూ ఎక్కడో దూరాన గాలి లేచిందని చెబుతాయి. పదో నంబరు ఎగిరిందంటే తుఫాను రేవు మీదుగానో, అతి చేరువలోనో తీరం దాటుతుందని అర్థం. పదకొండోది మరీ గడుసుది: హెచ్చరికల కేంద్రంతో సంబంధమే తెగిపోయిందని! అందాకా ఆగిన ఓడ ఇక కదలలేదు. నడిసముద్రంలో కెరటం ఓడను ఎత్తి దించుతుంది. రేవులో అదే కెరటం తీసుకుపోయి గోడకేసి బాదుతుంది.

మరి మరమ్మతులో ఉండి కదలలేని ఓడ సంగతి? దానికి ముందూ వెనకా మోకులు రెట్టింపు చేస్తారు. గోడకూ ఓడకూ మధ్య రబ్బరు దిండ్లు వేస్తారు. పైన కదిలేవన్నీ కట్టేసి మూతలు బిగిస్తారు. అంతటితో అయిపోలేదు. నీరు పొంగితే ఓడ లేస్తుంది. మోకు బిర్రుగా ఉంటే పుటుక్కున తెగుతుంది. వదులైతే ఓడ గోడను కుమ్ముతుంది. సడలిస్తూ, బిగిస్తూ ఉండాలి. అంటే, ఊరు ఖాళీ అయినా ఆ ఓడలో కొందరు మేలుకుని ఉండక తప్పదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడింది. ముందురోజు మా విద్యార్థి ఒకడు వచ్చి, తండ్రి పునరావాస కేంద్రానికి రానంటున్నాడనీ, మాస్టారు చెబితే వింటాడేమోననీ నన్ను జాలరిపేటకు తీసుకువెళ్ళాడు. ఆయన బోటును ఇసుకమీద వీలైనంత పైకి లాగించి, ఇంజను విప్పి కిందపెట్టి, కొబ్బరిచెట్టుకు మోకు కడుతున్నాడు.

“ప్రాణం కంటే బోటు ఎక్కువా, చెప్పండి?” అన్నాను.

“పేనవైతే నాదొక్కడిదే బాబూ. ఈ బోటు మీద నాలుగిళ్ళు బతకతన్నాయి.”

చదివిన చదువంతా వెతికినా నాకు జవాబు దొరకలేదు. కొడుకు మాట్లాడకుండా వంగి ఇంజనుకు ఒకవైపు చెయ్యి వేశాడు. ఒక్కడివల్ల అయ్యే బరువు కాదది. తండ్రి కాసేపు చూశాడు. ముడి మరోసారి లాగి చూసుకుని, వచ్చి రెండోవైపు పట్టుకున్నాడు. ఇద్దరూ దాన్ని మోసుకుంటూ బడికేసి నడిచారు.

మర్నాడు బోటు చెట్టుతో సహా పోయింది. ఇంజను మిగిలింది. సంక్రాంతి నాటికి దాన్ని మరొకరి బోటుకు బిగిస్తూ కనిపించాడు.

“మొత్తానికి గట్టెక్కారు” అన్నాను, నోరు ఊరుకోక.

“ఇంకా లేదు బాబూ” అని నవ్వాడు. “యేటకెల్లాల గదా!”